మా వీధి ఇంటర్నెట్ వెనకున్న సామాను

రాత్రి పదిన్నరకి, సినిమా క్లైమాక్స్ దగ్గర స్క్రీన్ మీద గుండ్రం తిరగడం మొదలైతే మీరేం చేస్తారు? వైఫై ఆపి ఆన్ చేస్తారు. రూటర్ ప్లగ్ పీకి మళ్లీ పెడతారు. అప్పటికీ రాకపోతే కేబుల్ వాళ్లకి ఫోన్ కొడతారు. తణుకు దగ్గర మా ఊళ్లో అయితే ఆ ఫోన్ ఎత్తేది మా మావయ్య. పాతికేళ్లుగా కేబుల్ టీవీ ఆపరేటర్. రెండేళ్ల నుంచి బ్రాడ్‌బ్యాండ్ ఆపరేటర్ కూడా.

సరదాకి మారలేదులెండి. ఒకప్పుడు ఆయనకి 600 టీవీ కనెక్షన్లుండేవి. ఫోన్లలోనే అన్నీ చూడటం మొదలయ్యాక సగానికి పడిపోయాయి. 2023లో జియో, ఎయిర్‌టెల్ రెండూ ఎయిర్‌ఫైబర్ పేరుతో తీగ లేకుండా 5జీ మీదే ఇంటికి నెట్ ఇవ్వడం మొదలుపెట్టాయి. తీగ మీద టీవీ ఒక్కటే పంపుతూ కూర్చుంటే ఇంకో మూడేళ్లలో ఆ తీగ చుట్టేసుకోవాల్సిందేనని ఆయనకి అర్థమైపోయింది. అత్తయ్య బంగారం మీద తెచ్చిన లోనూ, చేతిలో ఉన్నదీ కలిపితే ఎనిమిది లక్షలు. "ఏరా, నువ్వు సాఫ్ట్‌వేరు కదా, ఇందులో ఏది కొనాలో, ఏది అక్కర్లేదో చూసి చెప్పు" అని ఒక డీలర్ ఇచ్చిన కొటేషన్ నాకు వాట్సాప్‌లో పెట్టాడు.

నేను రాసేది ఒక పేమెంట్ యాప్‌కి బ్యాకెండ్ కోడ్. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపర్ రాశాను కానీ, అందులో కరెంటు స్తంభం గురించి, వాన గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని నెలలో సగం రోజులు ఊళ్లోనే ఉంటాను. అలా ఆ గదిలో కూర్చుని నేర్చుకున్నదే ఇది.

గాజు పోగులో వెలుతురు

ఊళ్లో అందరూ దాన్ని ఇప్పటికీ కంట్రోల్ రూమ్ అనే అంటారు. అందులో ముఖ్యమైన పెట్టె పేరు ఓఎల్‌టీ. పుస్తకం ట్రంకు పెట్టె అంత ఉంటుంది, అంతే. ఇంటర్నెట్‌ని వెలుతురుగా మార్చి ఫైబర్‌లోకి పంపేది ఇదే. మీ ఇంటి గోడకి తగిలించిన తెల్ల డబ్బా ఉంది చూశారా, ఓఎన్‌యూ, అది ఆ వెలుతురుని మళ్లీ నెట్‌గా మారుస్తుంది. ఈ రెండింటి మధ్యలో ఉండేది స్ప్లిట్టర్. అగ్గిపెట్టె కన్నా సన్నగా ఉండే ముక్క. ఒక పోగులో వచ్చిన వెలుతురుని ఎనిమిది పోగుల్లోకి పంచుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు. మోటారు లేదు, చిప్పు లేదు. లోపల ఉన్నది గాజు మాత్రమే.

ఈ కరెంటు అక్కర్లేకపోవడమనేది ఎంత పెద్ద విషయమో పాతకాలం కేబుల్ నెట్ చూసినవాళ్లకి తెలుస్తుంది. అప్పట్లో డాబాల మీదుగా నీలం లాన్ వైరు లాగేవాళ్లు. ఆ వైరు వంద మీటర్లు దాటితే పనిచేయదు. అందుకని ప్రతి నాలుగిళ్లకీ ఒక స్విచ్చి డబ్బా, దానికి ఎవరో ఒకరి ఇంట్లోంచి కరెంటు. వాళ్లు ఊరెళ్తూ మెయిన్ ఆపేస్తే వీధి మొత్తానికి నెట్ లేదు. పిడుగు పడితే వరసగా స్విచ్చిలన్నీ కాలిపోయేవి. ఫైబర్‌లో అయితే కంట్రోల్ రూమ్ నుంచి ఇరవై కిలోమీటర్ల దాకా మధ్యలో ప్లగ్ పాయింటే అక్కర్లేదు.

చిన్న ఆపరేటర్లు వాడే ఓఎల్‌టీల్లో రెండు రకాలున్నాయి. ఈపాన్, జీపాన్. ఈపాన్ పోర్టు ఒక్కోటి అటూ ఇటూ 1.25 జీబీపీఎస్ మోస్తుంది. జీపాన్ అయితే మన వైపు వచ్చేది దాదాపు 2.5, మన నుంచి వెళ్లేది 1.25. ఒక్కో పోర్టుకి సాధారణంగా 64 ఇళ్లు తగిలిస్తారు. డీలర్ ఎనిమిది పోర్టుల జీపాన్ కొనమన్నాడు. మేం నాలుగు పోర్టుల ఈపాన్ తీసుకున్నాం. నాలుగు అరవైనాలుగులు 256. ముందు అన్ని ఇళ్లు ఎక్కనీ, తర్వాత చూద్దాం అన్నాను. మిగిలిన డబ్బుతో ఏం కొన్నామో చెప్తాను, అసలు కథ అదే.

డీబీల చిట్టా

ఓఎల్‌టీ పోర్టులోంచి బయల్దేరే వెలుతురు సుమారు 5 డీబీఎం అనుకుందాం. అంటే మూడు మిల్లీవాట్లు, కాస్త ఎక్కువ. వీధి మొదట్లో ఒక స్ప్లిట్టర్ దాన్ని ఎనిమిదిగా పంచుతుంది. అక్కడ పదిన్నర డీబీ పోయింది. సందు చివర ఇంకో స్ప్లిట్టర్ మళ్లీ ఎనిమిదిగా పంచుతుంది. ఇంకో పదిన్నర. ఇప్పటికి 21 పోయి మైనస్ 16 మిగిలింది. మూడు కిలోమీటర్ల ఫైబర్‌కి ఒకటి, అతుకులకీ కనెక్టర్లకీ కలిపి రెండు తీసేయండి. మీ ఇంటికి చేరేసరికి మైనస్ 19. అంటే మిల్లీవాటులో ఎనభయ్యో వంతు! ఆ కాస్త వెలుతురు మీదే మీ సినిమా, మీ చెల్లి ఆన్‌లైన్ క్లాసు, నా ఆఫీసు మీటింగు నడుస్తున్నాయి.

మామూలు ఓఎన్‌యూ మైనస్ 27 దాకా లాక్కొస్తుంది. కాబట్టి మైనస్ 19 దగ్గర ఉన్నవాళ్లకి ఎనిమిది డీబీల గుక్క ఉన్నట్టు. ఈ గుక్క పెద్ద ఎక్కువేం కాదు. ప్రతి మూడు డీబీలకీ వెలుతురు సగమైపోతుందని గుర్తుపెట్టుకోండి. తీగని కిటికీ మూల దగ్గర గట్టిగా మడిచారనుకోండి, రెండు మూడు డీబీలు అక్కడే కారిపోతాయి. కనెక్టర్ మొన మీద వేలిముద్ర పడినా అంతే. జాయింట్ బాక్సు మూత సరిగ్గా పెట్టకపోతే వానాకాలంలో నీళ్లు చేరి ఇంకొన్ని. అన్నీ కలిసి ఒక రాత్రి మైనస్ 27 దాటగానే మీ డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది. మీరు రూటర్‌ని ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా ఆ లైటు ఆరదు. కాబట్టి ఎర్ర లైటు కనిపిస్తే ఇంకేం చేయకండి, తీగ ఎక్కడైనా మడతపడిందేమో చూసి ఫోన్ కొట్టండి.

అందుకే మావయ్య బడ్జెట్లో ఓఎల్‌టీ కన్నా ఎక్కువ ధర పెట్టి కొన్నది అతుకులేసే మిషను. స్ప్లైసింగ్ మిషన్ అంటారు. వెంట్రుక మందాన ఉండే రెండు గాజు పోగుల్ని ఎదురెదురుగా పెట్టి, చిన్న విద్యుత్ మెరుపుతో కరిగించి కలుపుతుంది. మంచి అతుకు అయితే నష్టం 0.1 డీబీ కన్నా తక్కువ. దాంతోపాటు గాజుని నిటారుగా తెంపే క్లీవర్, వెలుతురు కొలిచే పవర్ మీటరు, ఫైబర్ ఎక్కడ విరిగిందో ఎర్ర వెలుతురుతో చూపించే పెన్ను లాంటి లేజరు. ఈ సంచి లేకపోతే ఫైబర్ తెగిన ప్రతిసారీ పక్క టౌన్ నుంచి అతుకులేసేవాణ్ణి పిలవాలి. అతను వచ్చేది ఖాళీ దొరికినప్పుడు. మిషను మన చేతిలో ఉంటే అరగంటలో పనైపోతుంది.

మావయ్య దగ్గర పనిచేసే కుర్రాడు ఇంటర్ చదివాడు. మిషను నేర్చుకోవడానికి వారం పట్టింది. ఇప్పుడు బండి సీటు మీద మిషను పెట్టుకుని, గొడుగు కింద వానలో కూడా అతుకేస్తాడు. తెంపిన గాజు ముక్కల్ని మాత్రం వదిలేయడు, పాత మూత డబ్బాలో వేసుకుంటాడు. చర్మంలో గుచ్చుకుంటే కంటికి కనపడవు. ఇంకో మాట, ఫైబర్ మొన ఎప్పుడైనా చేతికొస్తే కంటి దగ్గర పెట్టుకుని చూడకండి. అందులో వచ్చే లేజరు మన కంటికి కనపడదు. కనపడదని లేదనుకోవద్దు.

ఐపీఎల్ రాత్రి లెక్క

256 ఇళ్లకి తలా వంద ఎంబీపీఎస్ ప్లాన్ అమ్మితే ఊరికి 25 జీబీపీఎస్ పైచిలుకు తేవాలి కదా? ఎవరూ తేరు. పెద్ద కంపెనీలూ తేవు. అందరూ ఒకేసారి అంత వాడరు, సాయంత్రం రద్దీలో కూడా ఇంటికి సగటున రెండు మూడు ఎంబీపీఎస్ దగ్గరే ఉంటుంది. అందుకే ఒక జీబీపీఎస్ లైనుతో మొదలుపెట్టాం. ఈ లెక్క తప్పే రోజు ఒకటుంది. మ్యాచ్ రోజు. 150 ఇళ్లలో ఒకేసారి ఆరేసి ఎంబీపీఎస్ వీడియో నడిస్తే 900 అయిపోయింది. ఆ రాత్రి మావయ్య మ్యాచ్ చూడడు, గ్రాఫ్ చూస్తాడు.

వచ్చిన లైనుని ఇళ్లకి పంచేది రూటరు. మాది మైక్రోటిక్. లాట్వియా దేశపు కంపెనీ. మన దగ్గర చిన్న ఆపరేటర్ల గదుల్లో ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తుంది. ఎవరు లాగిన్ అయ్యారు, ఎవరి ప్లాన్ ఎంత, ఎవరు డబ్బు కట్టలేదు, అన్నీ దీని పనే. డబ్బా కొని పెట్టేసి మర్చిపోయే వస్తువు మాత్రం కాదు. 2018లో మైక్రోటిక్ సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన ఒక లోపంతో ప్రపంచవ్యాప్తంగా లక్షల రూటర్లు హ్యాకర్ల చేతికి చిక్కాయి. లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అప్పటికే వచ్చేసింది. వేసుకోనివాళ్లే చాలామంది దొరికిపోయారు. మా గదిలో మాత్రం నెలకోసారి అప్‌డేట్ చూడటం, బయటి నుంచి ఎవరూ లాగిన్ పేజీ చేరకుండా మూసేయడం నా డ్యూటీ.

మిషన్లున్నాయి కదా అని ఎవరు పడితే వాళ్లు నెట్ అమ్మడానికి లేదు. లైసెన్సు కావాలి. చాలామంది చిన్న ఆపరేటర్లలాగే మావయ్య కూడా లైసెన్సు ఉన్న ఒక ప్రాంతీయ కంపెనీకి పార్ట్‌నర్. లైను వాళ్లది, వీధి ఈయనది, వచ్చింది పంచుకుంటారు. ఏ సమయంలో ఏ ఐపీ అడ్రసు ఎవరి దగ్గరుందో రికార్డు దాచాలి. పబ్లిక్ ఐపీలు తక్కువ కాబట్టి ఒకే అడ్రసు వెనక బోలెడు ఇళ్లుంటాయి. రేపు ఎవడో సైబర్ మోసం చేస్తే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఆ అడ్రసు పట్టుకునే. రికార్డు లేకపోతే ఎవరి తలుపు కొట్టాలో తెలీదు. లాగ్‌లు దాచే హార్డ్ డిస్కు డీలర్ కొటేషన్‌లో లేదు. అడిగి వేయించాం.

కరెంటు పోతే?

గోదావరి జిల్లాల్లో వేసవి గాలివాన సంగతి మీకు చెప్పాలా? సాయంత్రం నాలుగింటికి మబ్బు పడుతుంది, అయిదింటికి చెట్టు కొమ్మ తీగల మీద, రాత్రి దాకా చీకటి. ఇళ్లలో ఇన్వర్టర్లున్నాయి, జనం వైఫై వాడుతూనే ఉంటారు. అప్పుడు కంట్రోల్ రూమ్ ఆరిపోతే ఆ రోజే పది కనెక్షన్లు పోతాయి.

ఓఎల్‌టీ, రూటరు, స్విచ్చి, ఒక ఫ్యాను కలిపి మా గది లోడు 150 వాట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు పెట్టాం. కాగితం మీద అవి 3600 వాట్ అవర్లు. ఇన్వర్టర్ తినేదీ, బ్యాటరీ వయసూ లెక్కేసి మూడింట రెండొంతులే నమ్ముకుంటే 2400. అంటే 16 గంటలు. డీలర్ లిస్టులో ఉన్నది కంప్యూటర్‌కి పెట్టుకునే చిన్న యూపీఎస్. దాంతో అరగంట కూడా కష్టమే. పెద్ద ఓఎల్‌టీ వద్దనుకోగా మిగిలిన డబ్బు మొదట వెళ్లింది ఈ బ్యాటరీలకే. తర్వాత ఎర్తింగ్‌కి. ఫైబర్ గాజులోంచి పిడుగు రాదు నిజమే, కానీ గోడ ప్లగ్గులోంచి వస్తుందిగా!

ఏసీ మాత్రం ఇన్వర్టర్ మీద నడవదు. మే నెలలో తలుపు మూసిన గదిలో ఓఎల్‌టీ కుతకుతలాడిపోతుంది. మావయ్య దానికి కనిపెట్టిన ఉపాయం, పైన గోడకి వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను. వందల రూపాయల వస్తువు, వేల రూపాయల పెట్టెని కాపాడుతోంది.

మీ ఇంటి సంగతీ ఇదే. వీధిలో స్ప్లిట్టర్లకి కరెంటు అక్కర్లేదు, గదిలో బ్యాటరీ ఉంది. ఇక మిగిలింది మీ ఓఎన్‌యూ, రూటరే. ఇన్వర్టర్ లేని ఇంట్లో 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి తగిలించుకుంటే కరెంటు పోయినా మీ మీటింగ్ తెగదు. కొనేముందు మీ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసుందో చూసుకోండి.

స్తంభం మీద తీగ

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం ఊరేగింపులో కరెంటు షాక్ కొట్టి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరంలో కరెంటు స్తంభాల మీదున్న కేబుళ్లని కట్టలు కట్టలుగా కత్తిరించారు. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ రోజుల్లో ఎంతమంది ఫ్రెండ్స్ మొబైల్ డేటా మీద ఆఫీసు పని నెట్టుకొచ్చారో! ఇటు ఆంధ్రలోనూ కథ స్తంభాల మీదే ఉంది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కూడా కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. భూమిలో తవ్వి వేసే ఖర్చు అలాంటిది మరి.

ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది. గాజులో కరెంటు పారదు. కానీ ఇంటికి లాగే చవక డ్రాప్ కేబుల్లో గాజు పక్కనే బలం కోసం ఉక్కు తీగ ఉంటుంది. అందులో పారుతుంది. పైన కరెంటు తీగ తెగి దీని మీద పడితే, లేదా తొక్క ఊడి రాసుకుంటే, కిందకి వేలాడుతున్న ఫైబరే చావు తీగ అవుతుంది. ఉక్కు బదులు ఎఫ్‌ఆర్‌పీ కడ్డీ ఉన్న కేబుల్ దొరుకుతుంది. గాజు నారని రెసిన్‌తో కలిపి చేసిన పుల్లలాంటిది. కరెంటుని పారనివ్వదు. మీటరుకి ధర కాస్త ఎక్కువ, లాగేటప్పుడు మరీ గట్టిగా మడిస్తే విరుగుతుంది. అందుకే పనివాళ్లకి ఉక్కు తీగంటేనే ఇష్టం.

దీని మీద మావయ్యకీ నాకూ గట్టి వాదనే జరిగింది. "అందరూ ఉక్కే వేస్తున్నార్రా, మనకొక్కళ్లకే ఏంటి?" అన్నాడు. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, "స్తంభం ఎక్కేది ఆ కుర్రాడు. ఆడికేమన్నా అయితే వాళ్లమ్మకి నువ్వు చెప్తావా?" అంది. ఎఫ్‌ఆర్‌పీ కేబులే వచ్చింది. కుర్రాడికి రబ్బరు గ్లౌజులు, హెల్మెట్, ఫైబర్‌గ్లాస్ నిచ్చెన కూడా ఆ ఎనిమిది లక్షల్లోంచే. నన్నడిగితే ఆ లిస్టులో మొదటి లైన్లో ఉండాల్సినవి ఇవే. మీ వీధిలో నెత్తికి తగిలేట్టు తీగ వేలాడుతుంటే చేత్తో పక్కకి తోయకండి. ఫోటో తీసి కరెంటు ఆఫీసుకీ, కేబుల్ ఆయనకీ పంపండి.

నా వంతు

నేను చేసింది వంద లైన్ల స్క్రిప్టు. అయిదు నిమిషాలకోసారి ఓఎల్‌టీని అడిగి ఏ ఇంటికి ఎంత వెలుతురు చేరుతోందో రాసుకుంటుంది. ఎవరికైనా నిన్నటి కన్నా మూడు డీబీలు తగ్గితే మావయ్య ఫోన్‌కి మెసేజ్. ఒకే స్ప్లిట్టర్ కింద ఎనిమిది ఇళ్లూ కలిసి తగ్గాయంటే గొడవ ఇళ్లలో లేదు, సందు మొదట్లో బాక్సులో ఉంది. ఒక్క ఇల్లే తగ్గితే ఆ ఇంట్లో ఎవరో బీరువా జరిపారు. కస్టమర్ ఫోన్ చేసేలోపే కుర్రాడు గుమ్మంలో ఉంటే వాళ్ల మొహం చూడాలి! "నేనింకా కంప్లయింటే ఇవ్వలేదే" అంటారు.

ఓసారి ఒక పోర్టులోని ఇళ్లన్నీ ఒకేసారి పడిపోయాయి. వెలుతురు బానే ఉంది, నెట్ లేదు. ఈ పద్ధతిలో ఓఎన్‌యూలన్నీ వంతులవారీగా మాట్లాడాలి. ఒక పాడైన డబ్బా వంతు మర్చిపోయి ఆపకుండా వెలుతురు కొడుతుంటే మిగతా అందరి మాటా వినపడదు. సందుకొకటి చొప్పున పీకుతూ పోతే, రెండు గంటలకి దొంగ దొరికింది. అందుకే గదిలో అయిదు ఓఎన్‌యూలు, పది అడాప్టర్లు, ఓఎల్‌టీకి రెండు ఆప్టికల్ మాడ్యూళ్లు ఎప్పుడూ స్పేర్‌గా ఉంటాయి. అన్నిటికన్నా ఎక్కువ పోయేవి అడాప్టర్లే.

అన్నట్టు, నెట్ స్లో అని వచ్చే ఫోన్లలో చాలావాటికి ఫైబర్‌తో సంబంధం ఉండదు. రూటర్ టీవీ వెనకో, బీరువా మీదో ఉంటుంది. ఫోన్ పాత 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి పట్టుకుని ఉంటుంది. అదే రూటర్లో 5 గిగాహెర్ట్జ్ పేరు ఉంటే ఒకే గదిలో ఉన్నప్పుడు దానికి మారి చూడండి. గోడలు దాటాలంటే మాత్రం పాతదే నయం.

ప్రస్తుతం 214 ఇళ్లు ఎక్కాయి. లోను సగం తీరింది, అత్తయ్య గాజులు రెండు ఇంటికొచ్చాయి. ధర విషయంలో పెద్ద కంపెనీలతో మావయ్య పోటీ పడలేడు. వాళ్ల ఆఫర్ చూసి వెళ్లినవాళ్లూ ఉన్నారు, వాళ్లలో కొందరు తిరిగొచ్చారు. ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న చర్చ ఓటీడీఆర్ గురించి. తెగిన చోటు కంట్రోల్ రూమ్ నుంచి ఎన్ని మీటర్ల దూరంలో ఉందో చెప్పే మిషను. అది కొనాలా, లేక ఇంకో కంపెనీ నుంచి రెండో లైను తీసుకోవాలా? మావయ్య ఓటు ఓటీడీఆర్‌కి. కుర్రాడిదీ అదే. మెయిన్ లైను తెగిన రోజు 214 ఫోన్లు ఎత్తింది అత్తయ్య కాబట్టి, ఆవిడ ఓటు రెండో లైనుకి. వచ్చే నెల ఒకటో తారీఖున కలెక్షన్ వచ్చాక తేలుతుంది.